కన్యకలైన హతసాక్షులు: బొమ్మల్లో వారి గుర్తులు, మనకు ఆరోగ్య పాఠాలు



మన సంఘాల్లో ఆగ్నేసమ్మ, లూసి, సిసిలియా, అగాత అనే పేర్లు కొత్తవి కావు. అమ్మమ్మ పేరనో, బాప్తిస్మమిచ్చిన పాదిరిగారు పెట్టారనో పిల్లలకు ఈ పేర్లు పెట్టుకుంటూ వస్తున్నాము. ఆ పేర్లుగల మొదటి స్త్రీలు ఎవరో, వారికి ఏమి జరిగిందో అడిగితే చాలామందికి తెలియదు. వారు క్రీస్తు కోసం ప్రాణం పెట్టిన యౌవనస్థులు. మన ప్రొటెస్టెంటు సంఘాల్లో వారిని హతసాక్షులంటాము. కతోలిక సోదరులు వేదసాక్షులంటారు.

ఆరోగ్య పత్రికలో ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఇటలీ దేశపు చిత్రకారులు ఈ స్త్రీలను గీసినప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో శరీర భాగాన్ని గుర్తుగా పెట్టారు. ఒకరి చేతిలో పళ్లెం, అందులో రొమ్ములు. ఒకరి చేతిలో కళ్లు. ఒకరి చేతిలో పట్టకారు, దానికి ఒక పన్ను. మన ఓపీకి వచ్చే తల్లులు నోరు విప్పి చెప్పడానికి సిగ్గుపడే సంగతులను ఆ బొమ్మలు గుడి గోడల మీదనే చూపించాయి. అందుకే ఈ పాఠం.

ఇటలీకీ మన ఊరికీ సంబంధం

గౌలిగూడ నుండి అఫ్జల్‌గంజ్ మీదుగా మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. అక్కడ ముసుగు వేసుకున్న రిబ్కా పాలరాతి శిల్పం ముందు ఎప్పుడూ జనం ఉంటారు. దానిని చెక్కినది ఇటలీ శిల్పి జియోవాన్ని మరియా బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నుండి దానిని తెచ్చారు. రాయిని రాయిలోనుండి పల్చని బట్టలా తీసి, ఆ బట్ట వెనుక ముఖాన్ని చూపించిన పనితనం అది. ఆదికాండములో ఇస్సాకును చూసి ముసుగు వేసుకున్న కన్యక ఈ రిబ్కాయే.

ఇటు ఆబిడ్స్ వైపు వెళితే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కథీడ్రల్ ఉన్నది. ఇటలీలోని మిలాను నగరపు మిషనరీ సంస్థవారు 1855లో హైదరాబాదు వచ్చారు. 1870ల్లో ఆ దేవాలయాన్ని కట్టించినది వారే. దాని గంటలు కూడా ఇటలీ నుండే వచ్చాయి. మరణించిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మరియమ్మను మైకెలాంజెలో చెక్కిన పియెతా శిల్పానికి నకలు అక్కడ ఉన్నది. కనుక ఇటలీవారి భక్తి కళ మనకు నడక దూరంలోనే ఉన్నది.

వారు ఎవరు?

రోము సామ్రాజ్యంలో క్రైస్తవులను హింసించిన కాలం అది. డెసియస్ చక్రవర్తి 250లో ప్రజలందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చాడు. డయోక్లీషియన్ కాలంలో 303లో మరింత ఘోరమైన హింస మొదలైంది. 313లో కాన్‌స్టంటైన్ కాలంలో గాని సంఘానికి స్వేచ్ఛ రాలేదు.

ఆ సమాజంలో ఆడపిల్ల పెండ్లి తండ్రి చేతిలో ఉండేది. చిన్న వయసులోనే పెండ్లి చేసేవారు. అటువంటి చోట ఒక పిల్ల లేచి "నేను క్రీస్తుకు సమర్పించుకున్నాను, ఈ పెండ్లి నాకు వద్దు" అంటే అది పెద్ద ధిక్కారము. కాదనిపించుకున్న వరుడే అధికారి దగ్గరకు పోయి ఫిర్యాదు చేసినట్టు వారి చరిత్రల్లో కనబడుతుంది.

వారి గురించి వ్రాసినవన్నీ ఒకే కాలానివి కావు. అపొల్లోనియా సంగతి ఆ కాలపు అలెగ్జాండ్రియా బిషప్పు డయొనీసియస్ వ్రాసిన ఉత్తరంలో ఉన్నది. ఆగ్నెస్ గురించి 4వ శతాబ్దంలో మిలాను బిషప్పు అంబ్రోసు వ్రాశాడు. అగాత, లూసిల కథల్లోని వివరాలు తరువాతి తరాలు చెప్పుకుంటూ పెంచినవి. అయితే వారిని సంఘము చాలా ముందునుండే గౌరవించింది. రోము సంఘపు ప్రాచీన ప్రభు సంస్కార ప్రార్థనలోనే అగాత, లూసి, ఆగ్నెస్, సిసిలియాల పేర్లు చేర్చారు.

మొదటి బొమ్మల్లో గాయాలు లేవు

ఇటలీలోని రవెన్నా నగరంలో సాంత్ అపొల్లినారె నువొవో అనే దేవాలయం ఉన్నది. 6వ శతాబ్దంలో దాని గోడమీద రంగు రాళ్ల ముక్కలతో 22 మంది కన్యకలను వరుసగా కూర్చారు. అందరూ తెల్లని ముసుగులతో, బంగారు వస్త్రాలతో, చేతుల్లో కిరీటాలు పట్టుకుని నడుస్తున్నారు. ఎవరికీ గాయం లేదు, రక్తం లేదు. పేరు పైన వ్రాశారు. ఆగ్నెస్ పాదాల దగ్గర మాత్రం ఒక గొర్రెపిల్ల ఉన్నది.

తరువాతి శతాబ్దాల్లో చదువురాని జనం కూడా ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి చిత్రకారులు ఒక్కొక్కరికి ఒక గుర్తు ఇచ్చారు. ఏ హింసవల్ల బాధపడ్డారో ఆ గుర్తే వారి చేతికి వచ్చింది. దానితో జనం పంటి నొప్పి వస్తే ఒకరిని, కంటి జబ్బు వస్తే ఒకరిని తలుచుకోవడం మొదలుపెట్టారు. మనం స్వస్థత కోసం ప్రభువునే వేడుకుంటాము. కాని వారి సాక్ష్యం నుండి నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం లేదు.

1. అగాత: సిగ్గు, చికిత్స

అగాత సిసిలీ ద్వీపంలోని కటానియా ఊరి పిల్ల. 251లో హతసాక్షి అయినట్టు సంఘము చెప్పుకుంటుంది. ఫిబ్రవరి 5 ఆమె దినము. క్వింతియానుస్ అనే అధికారి ఆమెను కోరాడు. ఆమె లొంగలేదు. అతడు ఆమె రొమ్ములను కోయించి చెరలో వేయించాడు. సెబాస్తియానో దెల్ ప్యొంబో 1520లో గీసిన చిత్రం ఈ హింసను చూపిస్తుంది. అది ఫ్లోరెన్సులోని పిత్తి భవనంలో ఉన్నది.

మాకు ముఖ్యమైనది దాని తరువాతి ఘట్టం. ఆ రాత్రి ఒక ముసలాయన మందులు పట్టుకుని చెరలోకి వచ్చాడు. ముందు ఒక పిల్లవాడు దీపం పట్టుకుని నడిచాడు. ఆయన గాయాలు చూస్తానంటే అగాత మొదట ఒప్పుకోలేదు. తన ఒంటికి ఎన్నడూ మందు వాడలేదని, ప్రభువు మాటతోనే బాగుచేయగలడని చెప్పింది. ఆ ముసలాయన నవ్వి, తనను పంపినది ఆ ప్రభువేనని చెప్పాడు. ఆయన అపొస్తలుడైన పేతురు. తెల్లవారేసరికి ఆమె గాయాలు మానిపోయాయని 13వ శతాబ్దపు పరిశుద్ధుల చరిత్రల పుస్తకం చెబుతుంది. 17వ శతాబ్దంలో జియోవాన్ని లాన్‌ఫ్రాంకో ఈ ఘట్టాన్ని గీశాడు.

అక్కచెల్లెళ్లారా, ఈ మాటలు మేము వార్డులో వింటూనే ఉంటాము. "మగ డాక్టరుకు ఎట్లా చూపించేది?" అని ఒకరు. "ప్రార్థన చేసుకుంటున్నాము, అదే కరుగుతుంది" అని ఇంకొకరు. గడ్డ మీద పసుపు, ఆకు పసరు కట్టుకుని, పైట కొంగుతో కప్పుకుని నెలలు గడిపి, పుండు పడి వాసన వచ్చాక వస్తారు. అప్పటికి జబ్బు చంకలోకి, ఎముకల్లోకి పాకి ఉండవచ్చు. అగాత సిగ్గు, విశ్వాసం రెండూ నిజమైనవే. కాని దేవుడు పంపిన వైద్యుని ఆమె చివరకు తిప్పి పంపలేదు. మందు పట్టుకుని వచ్చినవాడు ప్రభువు పంపినవాడు కావచ్చునని ఈ కథ నేర్పుతుంది.

రొమ్ము క్యాన్సరు మన దేశపు స్త్రీలలో అన్ని క్యాన్సర్లకంటె ఎక్కువగా కనబడుతున్నది. ఈ గుర్తులు చూసుకోండి:

- రొమ్ములో గాని చంకలో గాని గట్టి గడ్డ. నొప్పి లేదని ఊరుకోవద్దు. క్యాన్సరు గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.
- చర్మం సొట్టపడడం, నారింజ తొక్కలా మారడం.
- చనుమొన లోపలికి లాగుకుపోవడం, దాని నుండి రక్తం లేదా నీరు కారడం.
- చనుమొన దగ్గర మానని పుండు.
- ఒక రొమ్ము ఆకారం కొత్తగా మారడం.

ప్రతి గడ్డా క్యాన్సరు కాదు. నిజానికి ఎక్కువ గడ్డలు క్యాన్సరు కానివే. కాని ఏది ఏదో చేతితో తడిమి ఇంట్లో తేల్చలేరు. పరీక్ష చేయించాలి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ కార్యక్రమంలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ల పరీక్ష ఉచితంగా చేస్తారు. మీ బస్తీ దవాఖానాలో అడగండి. జబ్బు తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరే. స్త్రీ నర్సు పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. అడగడానికి మొహమాటపడకండి.

ఆపరేషనులో రొమ్ము తీసివేసిన అక్కలకు ఒక మాట. చిత్రాల్లో అగాత తల మీద కిరీటం ఉంటుంది, ముఖం ప్రశాంతంగా ఉంటుంది. రొమ్ము పోయినందుకు ఆమె తక్కువ కాలేదు. మీరూ తక్కువ కారు. భర్తలు, అత్తలు ఈ మాటను రెండుసార్లు చదవాలి.

2. లూసి: కళ్లు, తల్లి ఆరోగ్యం

లూసి సిసిలీలోని సిరాక్యూస్ పట్టణపు అమ్మాయి. 304లో హతసాక్షి అయింది. డిసెంబరు 13 ఆమె దినము. ఆమె కథ మొదలయ్యేది తల్లి జబ్బుతోనే. తల్లి యూతీకియాకు ఏళ్ల తరబడి రక్తస్రావం. లూసి తల్లిని వెంటబెట్టుకుని కటానియాలో అగాత సమాధి దగ్గరకు ప్రయాణం చేసింది. అక్కడ సువార్తలోని రక్తస్రావముగల స్త్రీ గురించి చదివారు. తల్లి బాగుపడింది.

మన ఇళ్లల్లో తల్లి తన రక్తస్రావం గురించి ఎవరికీ చెప్పదు. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి అయ్యాక తన వంతు వస్తుందనుకుంటుంది. లూసిలా కూతురే అడగాలి, కూతురే వెంటబెట్టుకుని రావాలి. ముట్లు ఆగిపోయిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనబడినా, కలయిక తరువాత రక్తం వచ్చినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆలస్యం చేయకూడదు. నెలనెలా ఎక్కువ రక్తం పోయి, ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే రక్తహీనత చూపించుకోవాలి.

ఇక కళ్ల సంగతి. లూసి కళ్లు పెరికారన్న మాట ఆమె ప్రాచీన చరిత్రలో లేదు, తరువాత చేరింది. లూసి అనే పేరు లాటిను భాషలో వెలుగు అనే మాటనుండి వచ్చినందున ఆమెను కళ్లతో జతచేశారు. ఫ్రాంచెస్కో దెల్ కొస్సా 1470ల్లో గీసిన బొమ్మలో ఆమె చేతిలో ఒక చిన్న కొమ్మ, దానికి పూలకు బదులు రెండు కళ్లు ఉంటాయి. తలపై కళ్లు కూడా చక్కగా తెరిచే ఉంటాయి. ఆ చిత్రం ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది. కరవాజ్జో 1608లో ఆమె భూస్థాపనను సిరాక్యూస్‌లోనే చిత్రించాడు.

ఆ కొమ్మను చూస్తే మాకు నేత్రదానం గుర్తుకు వస్తుంది. మరణించిన తరువాత 6 గంటల లోపు కళ్లు తీసుకుంటే కార్నియా మరొకరికి అమర్చవచ్చు. ఒక మనిషి కళ్లతో ఇద్దరికి చూపు రావచ్చు. అద్దాలు వాడినా, శుక్లం ఆపరేషను అయినా, వృద్ధులైనా ఇవ్వవచ్చు. ఇంట్లో మరణం జరిగితే కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి వెంటనే నేత్రనిధికి ఫోను చేయాలి. "కళ్లు లేకుండా పునరుత్థానంలో ఎట్లా లేస్తాము?" అని కొందరు భయపడతారు. రొమ్ములు కోయబడిన అగాతను, అగ్నిలో కాలిన అపొల్లోనియాను లేపగల దేవునికి మీ కార్నియా అడ్డమా?

బ్రతికి ఉండగా చూసుకోవలసినవి:

- శుక్లం వల్ల పోయిన చూపు చిన్న ఆపరేషనుతో తిరిగి వస్తుంది. "ముదరనీ" అని ఏళ్ల తరబడి ఆగవద్దు.
- నీటికాసులు, అంటే గ్లకోమా, వల్ల పోయిన చూపు తిరిగి రాదు. 40 దాటినవారు కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి.
- షుగరు ఉన్నవారు చూపు బాగున్నా సంవత్సరానికి ఒకసారి కంటి నరం పరీక్ష చేయించుకోవాలి.
- పిల్లలకు 9వ నెల నుండి 5 ఏళ్ల వరకు విటమిను ఎ ద్రావకం తప్పకుండా వేయించాలి.
- కంట్లో చనుబాలు, ఆముదం, ఆకు పసరు పోయవద్దు.

3. అపొల్లోనియా: పళ్లు, పెద్దల నోరు

ఈమె ఇటలీ స్త్రీ కాదు, ఐగుప్తులోని అలెగ్జాండ్రియా సంఘస్థురాలు. 249లో ఒక గుంపు క్రైస్తవుల ఇళ్లమీద పడింది. ఆమెను పట్టుకుని దవడలమీద కొట్టి పళ్లన్నీ రాలగొట్టారు. క్రీస్తును దూషించకపోతే కాల్చేస్తామని మంట వేశారు. ఆమె తానే ఆ మంటలోకి దూకింది. ఫిబ్రవరి 9 ఆమె దినము.

ఇటలీ చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా ఆమెను పట్టకారుతో పన్ను పట్టుకున్న పడుచుగా గీశాడు. చాలామంది అలాగే గీశారు. కాని డయొనీసియస్ ఉత్తరంలో ఆమె వయసు మళ్లిన కన్యక. రంగుల్లో ఆమె ముసలితనం కనబడకుండా పోయింది. ఇళ్లల్లో కూడా పెద్దల నోటి బాధ అట్లాగే కనబడకుండా పోతుంది. "ఈ వయసులో పళ్లతో ఏమి పని?" అని వారే అంటారు, మనం అవుననుకుంటాము. నమలలేక పెద్దలు పప్పులు, కూరలు మానేసి టీలో బన్ను ముంచుకుని తింటారు, బలం తగ్గిపోతుంది. కట్టుడు పళ్లు పెట్టించడం వారికి భోజనం పెట్టడమే. కట్టుడు పళ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి.

మన బస్తీల్లో అంతకంటె పెద్ద శత్రువు గుట్కా, జర్దా, పొగాకు. ఆ రోజుల్లో గుంపు పళ్లు రాలగొట్టింది. ఇప్పుడు మనమే డబ్బు పెట్టి కొనుక్కుని రాలగొట్టుకుంటున్నాము. నోట్లో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, కారం తగిలితే మంట ఉంటే వెంటనే చూపించుకోండి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాల గౌలిగూడవారికి దగ్గర. షుగరు ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా వస్తుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం. రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవడం ఖర్చులేని మందు.

4. ఆగ్నెస్: చిన్నపిల్ల "వద్దు" అన్న మాట

ఆగ్నెస్ రోము నగరపు పిల్ల. సుమారు 304లో ఆమెను చంపారు. అప్పటికి ఆమె వయసు 12 ఏళ్లని అంబ్రోసు వ్రాశాడు. జనవరి 21 ఆమె దినము. ఆమె పేరు లాటినులో గొర్రెపిల్ల అనే మాటకు దగ్గరగా ఉన్నందున ఆమె పక్కన గొర్రెపిల్లను గీస్తారు. రోములో ఆమె సమాధి దగ్గరి దేవాలయంలో 7వ శతాబ్దపు బంగారు మొజాయిక్‌లో ఆమె రాణిలా నిలబడి ఉంటుంది.

12 ఏళ్ల పిల్ల పెండ్లి వద్దన్నది, ఆ మాటను పెద్దవాళ్లు వినలేదు. మన దేశంలో 2006 చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెండ్లి చేయడం నేరము. చట్టం సంగతి అటుంచి నర్సులుగా ఒక మాట చెబుతాము. ఎదగని నడుము ఎముకల మధ్య బిడ్డ ఇరుక్కుంటుంది. పిల్లతల్లికి రక్తం ఉండదు, బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. మంచి సంబంధమని, కరువని, భయమని పెండ్లి చేసేముందు ఆగండి. పిల్ల ఇబ్బందిలో ఉంటే 1098కి ఫోను చేయవచ్చు, డబ్బు పడదు. పిల్ల తనను ఎవరైనా ముట్టుకుంటున్నారని చెబితే, ఆ మనిషి బంధువైనా సంఘ పెద్దయినా, పిల్ల మాట నమ్మండి.

ఒక జాగ్రత్త

హతసాక్షుల కథలు చదివి కొందరు నొప్పిని ఓర్చుకోవడమే భక్తి అనుకుంటారు. అది సరికాదు. వీరు బాధను వెదుక్కుంటూ పోలేదు. విశ్వాసం విడువమంటే విడువలేదు, అందుకు శత్రువులు బాధించారు. రొమ్ములోని గడ్డ మీ విశ్వాసానికి వచ్చిన పరీక్ష కాదు, పాపానికి శిక్ష కాదు. అది ఒక జబ్బు, జబ్బుకు వైద్యం ఉన్నది. భర్త కొడుతుంటే మౌనంగా భరించడం కూడా హతసాక్ష్యం కాదు. దెబ్బలతో వచ్చిన అక్క "మెట్లమీద పడ్డాను" అంటే మా నర్సులు తలుపు మూసి మెల్లగా మరోసారి అడుగుతారు. అప్పుడు నిజం చెప్పండి.

శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. ఆలయం కప్పు కారుతుంటే దానిమీద గుడ్డ కప్పి ఊరుకోము, మేస్త్రీని పిలుస్తాము.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో ఏ జబ్బు గురించి మాట్లాడడానికి సిగ్గుపడుతున్నాము? ఆ సిగ్గు ఎవరిని కాపాడుతున్నది?
2. అమ్మ, అత్తమ్మ చివరిసారి డాక్టరుకు చూపించుకున్నది ఎప్పుడు?
3. ఇంట్లో పెద్దలు ఏమి నమలగలుగుతున్నారు? ఈ వారం వారి నోరు ఎవరు చూస్తారు?
4. నేత్రదానం గురించి మన కుటుంబం నిర్ణయం ఏమిటి?
5. మన పిల్లలు "వద్దు" అన్నప్పుడు మనం వింటున్నామా?

ప్రార్థన: ప్రభువా, నీ కోసం నిలబడిన ఈ అక్కచెల్లెళ్ల సాక్ష్యం కోసం స్తోత్రము. మా శరీరాలను చూసి సిగ్గుపడకుండ, వాటిని నిర్లక్ష్యం చేయకుండ మాకు ధైర్యమివ్వుము. ఆలస్యంగా వచ్చిన వారిని కూడా నీ చేతితో ముట్టుము. సేవ చేసే మా చేతులను దీవించుము. ఆమేన్.